తాడుకు పండుగ లేదు

బేగంపేట విమానాశ్రయం, హైదరాబాదు
బహుధాన్య సంవత్సర శ్రావణ బహుళ విదియ

పూజ్యురాలైన అక్క సుమిత్రమ్మకు తమ్ముడు ఆత్మారాం నమస్కరించి విన్నవించునది.

ఇక్కడ నేను క్షేమం. బోధన్‌లో నీవూ బావా క్షేమమనీ, అవ్వ రుద్రూర్ చేను వదిలి నీ దగ్గరికి వచ్చి నాలుగు రోజులైనా ఉంటున్నదనీ తలుస్తాను. కానిపక్షంలో తెలియజేయవలెను.

విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టా ఎట్టకేలకు నాకొక కుర్చీ సంపాదించి పెట్టింది. మంజీరా గగనయాన కంపెనీలో నేను తనిఖీ రిజిస్టరు గుమాస్తాను. కంపెనీకి విమానం ఒకటి, మేనేజరు ఒకరు, రిజిస్టర్లు పదకొండు. విమానంలో ఎనిమిది మంది కూర్చోవచ్చు. రిజిస్టర్ల ముందు నేనొక్కడినే కూర్చోవాలి.

ఇక్కడి పని విధానం ఇది. మేస్త్రీ బాలనర్సయ్య విమానాన్ని పరీక్షిస్తాడు. పరీక్షించినట్లు నోటితో చెబుతాడు. చెప్పినట్లు నేను రాస్తాను. రాసినట్లు మేనేజరు దేవిదాస్ గారు సంతకం చేస్తారు. ఈ నాలుగింటిలో మొదటిది తప్ప మిగిలిన మూడూ ఏ లోపమూ లేకుండా జరుగుతున్నవి.

నేను చేరిన వారానికే పైనుంచి ఏడవ నంబరు తప్పనిసరి ఆదేశం వచ్చింది. “తోక రెక్కను పైకి కిందికి ఆడించు ఉక్కుతీగల తాళ్లను, అవి కప్పీల మీదుగా వంగు చోట్ల, యాభై గంటల ప్రయాణమునకు ఒకసారి మూతలు విప్పి పరీక్షించవలెను. అట్లు చేయనిదే ప్రయాణికులను ఎక్కించరాదు.” ఆ తాడు తెగితే విమానం ముక్కు పైకెత్తడం పైలట్ చేతిలో ఉండదు. ఆదేశం ఇంతవరకు స్పష్టంగానే ఉంది. పరీక్షించుట అనగా ఏమి చేయుట అన్నది మాత్రం అందులో లేదు. బాలనర్సయ్యను అడిగాను.

“సూసుడే సాబ్. మూత ఇప్పుడు, సూసుడు, మూత వెట్టుడు.”

“ఏం చూస్తావు?”

“తాడు.”

“తాడులో ఏం చూస్తావు?”

“ఉన్నదా లేదా అని.”

ఉన్నదని రాశాను. ఇప్పటికి రెండుసార్లు రాశాను.

బావకు నమస్కారాలు. నా ఉద్యోగం భూమి మీదనేనని అవ్వకు నచ్చజెప్పగలవు.

ఇట్లు,
ఆత్మారాం

•

ఫ్యాక్టరీ క్వార్టర్లు, బోధన్
భాద్రపద శుద్ధ దశమి

చిరంజీవి తమ్ముడు ఆత్మారాంను అక్క ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నాకోసం, ఒకసారి గట్టిగా అవ్వ కోసం. అవ్వ ఇక్కడే ఉంది. మేస్త్రీ మాట దగ్గరికి రాగానే ఆపమన్నది.

“కండ్లతోని సూస్తే తాడు దొరుకుతదా? మీ బాపు మోట గట్టేముందు మోకును గిరక కాడ కండ్లు మూసుకొని తడిమేటోడు. కన్ను మోసం జేస్తది. అరచెయ్యి జెయ్యది.”

నిజాంసాగర్ కాలువ నీళ్లు వచ్చినప్పటి నుంచి బావిలోంచి ఎద్దులతో తోడే మన మోట కొట్టంలో పడి ఉంది గాని, అవ్వ అరచేతిలో ఆ మోకు ఇంకా ఉన్నదని అర్థమైంది. మీ బావ ఊరుకుంటాడా? ఫ్యాక్టరీలో చెరకు బండ్లు దించే క్రేన్‌కు ఆయన ఫిట్టరాయె.

“ఇనుప తాడును గట్ల తడిమితే తీగ చేతిల దిగుతది అత్తా. మేమైతే పత్తి చుట్టి గుంజుతం. ఏడ తీగ తెగితే ఆడ పత్తి పట్టుకుంటది.”

“పత్తి యాడిది అల్లుడా? మా చేన్లదేనాయె.”

“పత్తి నీదే. ఉపాయం నాది.”

ఈ వ్యాజ్యం ఇంకా తెగలేదు. అసలు కబురు వేరే ఉంది. దసరా నాడు పొద్దున పది గంటలకు మీ కంపెనీ విమానం బోధన్‌కు వస్తుందట. ఫ్యాక్టరీ వెనుక బీడును చదును చేస్తున్నారు. నిరుడు మంచి చెరకు పండించిన ఐదుగురు రైతులను ఎక్కించి కందకుర్తి దాకా తిప్పి తెస్తారట. జాబితాలో మొదటి పేరు నాగవ్వ, రుద్రూర్. ఫ్యాక్టరీ పెద్దమనిషి వచ్చి, భయమైతే మానుకోవచ్చని మర్యాదగా చెప్పాడు.

“భయమెందుకు?” అన్నది అవ్వ. “గోదారిల మంజీర గలిసేది ఇన్నొద్దులు పిట్టలే సూసినయ్. ఒకపాలి నేను సూస్త. నా కొడుకు రాసిన విమానమాయె.”

ఆ మాట అందరి ముందూ అన్నది. అందుకే ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. విమానం మంచిదేనా? దఫ్తరు భాషలో కాకుండా జవాబు రాయి.

నీ అక్క,
సుమిత్ర

•

బేగంపేట
భాద్రపద బహుళ పంచమి

అక్కకు నమస్కారములు.

విమానం మంచిదే.

పత్తిని గురించి. తమరి కుటుంబ పద్ధతిని నేను సవినయంగా మేనేజరు గారి దృష్టికి తెచ్చాను. వారు దానిని మూడు రోజులు పరిశీలించి మార్జిన్‌లో ఈ విధంగా రాశారు: “ఆదేశమందు పత్తి ప్రస్తావన లేదు. లేనిదానిని చేర్చుటయు ఆదేశోల్లంఘనమే. మరియు కంపెనీ తన భద్రతా విధానమును మోటబావి నుండి తోడుకొను స్థితికి ఇంకను రాలేదు.” కాగితం దాఖలు చేయబడింది. దాఖలు చేసింది నేనే.

తదుపరి యాభై గంటలు దసరాకు ముందే నిండుతాయి. నిబంధనల ప్రకారం ఆ పరీక్ష జరుగుతుంది. జరిగినట్లు రిజిస్టరులో నమోదవుతుంది. కనుక ప్రయాణికుల క్షేమం విషయమై ఎట్టి సందేహమునకూ తావు లేదని మనవి. అవ్వను నిశ్చింతగా ఉండమని చెప్పవలెను.

ఇట్లు,
ఆత్మారాం

•

బోధన్
ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి

తమ్ముడు ఆత్మారాంకు ఆశీస్సులు.

అవ్వ నిజామాబాద్ పోయి నెమలికంఠం రంగు చీర కొని తెచ్చింది. గాలికి కొంగు నిలవడానికి మూడు పిన్నీసులు కూడా తెచ్చింది. రుద్రూర్ నుంచి రెండు బండ్ల జనం చూడడానికి వస్తున్నారు. నేల చెరకు పండించినందుకు ఆకాశం ఎక్కిస్తున్నారని అవ్వ సంతలో మరాఠీ వాళ్లకు కూడా చెప్పింది. బతుకమ్మ ఆటలో ఆమెను మధ్యన నిలబెట్టి ఆడుతున్నారు. మీ బావ ఏడిపించకుండా ఉండడు.

“అత్తా, పైన ఆకలైతే ఎట్ల?”

“సద్ది గట్టుకపోత. నీకు మొగులు ముక్క తెస్త తియ్.”

ఇల్లంతా ఇట్లా ఉంది. నేను మాత్రం నీ ఉత్తరం మళ్లీ తీసి చూశాను. మొదటి వాక్యం రెండు మాటలు. మిగతాదంతా మనవి, తావు, ఎట్టి. నీవు చిన్నప్పటి నుంచీ అంతే. నిజం చెప్పేటప్పుడు తడబడేవాడివి. అబద్ధమాడేటప్పుడు నీ వ్యాకరణం బాగుండేది.

సంగతేమిటో రాయి.

సుమిత్ర

•

బేగంపేట
దుర్గాష్టమి, ఉదయం

అక్కా,

నా వ్యాకరణాన్ని నీవు సరిగానే తనిఖీ చేశావు. విమానం మంచిదో కాదో నాకు తెలియదు. తెలియకుండానే మంచిదని రాశాను. అవ్వ సంతోషాన్ని చెడగొట్టలేక అనుకున్నాను గాని, నిజానికి రిజిస్టరులో రోజూ రాసే అలవాటు ఉత్తరంలోకి వచ్చింది.

యాభై గంటలు సప్తమి నాడు నిండాయి. ఆ ఉదయమే బాలనర్సయ్య షెడ్డులోని పానాలు, మరలు తిప్పే పేచ్‌కస్‌లు, సుత్తెలు అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పీట మీద పేర్చి పూజకు కూర్చోబెట్టాడు. ప్రతి ఏడూ నవమికి పెట్టేవాడట. విమానం బయటి ఊరికి పోతున్నందుకు ఈసారి రెండు రోజులు ముందుగా పెట్టాడు. అతని భక్తిని శంకించడానికి వీలు లేదు. విమానానికి కూడా బంతిపూల దండ వేశాడు. మూతల మరలన్నిటికీ పసుపు మెత్తి బొట్లు పెట్టాడు.

“తాడు పరీక్ష?” అన్నాను.

“దశమి పొద్దుమూకంగ జమ్మికి పోయొచ్చినంక పూజ ఎత్తుత సాబ్. గప్పటిదాంక పానా ముట్టేది లేదు.”

“విమానం దశమి పొద్దుననే పోతుంది.”

“పూజ జేసినంక తాడు తెగుతదా సాబ్?”

మేనేజరు గారి వద్దకు పోయాను. వారు ఆలోచించారు. పూజ సమయంలో మేస్త్రీ విమానం చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసినందున, ప్రతి భాగమూ మూడుసార్లు కంటబడినట్లే భావించవచ్చునన్నారు. “పరీక్షించు పద్ధతి” అన్న గడిలో “కొబ్బరికాయ” అని రాయమన్నారు. రాస్తే తాము సంతకం చేస్తారు. రాయకపోతే దశమి మధ్యాహ్నం నుంచి నేను కుర్చీ ఖాళీ చేయాలి, రాసేవారు వేరే దొరుకుతారు.

ఇప్పటికి రాయలేదు. కాని నేను రాయకపోయినా విమానం వస్తుంది. అవ్వను ఎక్కనివ్వకు. కోపం వస్తే నా మీద రానీ.

ఆత్మారాం

•

బోధన్
మహర్నవమి. రైలు గార్డు చేతికిచ్చి పంపుతున్నాను.

తమ్ముడా,

నీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించాను. చీర మడత పెట్టి పెట్టెలో పెట్టింది. తర్వాత చెప్పింది. చెప్పింది చెప్పినట్లు రాస్తున్నాను, ఒక్క మాటా దిద్దలేదు.

“మీ బాపు కాలు ఎద్దు జారి ఇరుగలే బిడ్డా. గా ఏడు దసరకు మోకును పూజల వెట్టినం. మూడొద్దులు తడమలే. నాలుగోనాడు మోట గట్టంగనే గిరక కాడ పుటుక్కున తెగింది. మోకు మీద కూసున్న మీ బాపు గచ్చు మీద వడ్డడు. పూజ జేసిన తాడు తెగిందంటే అమ్మోరికి మాటొస్తదని ఎద్దు మీదికి తోసిండు. బతికినన్నొద్దులు గదే జెప్పిండు. ఎద్దుకు నోరు లేకపాయె, అది గాదనలే.”

మనం కుంటి బాపును చూస్తూ పెరిగాం. ఆ ఎద్దును తిట్టుకుంటూ పెరిగాం. ఇన్నేండ్లూ అవ్వ ఒక్కతే ఈ మాట మోసింది.

“నేను విమానం ఎక్కకుంటే నా పానం దక్కుతది. కడుమ నలుగురిది? నడిపెటోనిది? దండం వెట్టి పేచ్‌కస్ దీయుమను. పని జేసి మల్ల పూజల వెట్టుమను. అమ్మోరు పది చేతుల పది ఆయిదాలు పట్టుకున్నది పని జేసెటందుకే, పండవెట్టెటందుకు గాదు. తాడుకు పండుగ లేదు.”

ఈ కవరులో అవ్వ ఏరి ఇచ్చిన పత్తి ఉంది. గింజ తీసింది, కొత్తది. ఉపాయం తనదని రిజిస్టరులో రాయాలని మీ బావ పదే పదే చెప్పమంటున్నాడు. కొలువు పోతే పోనీ. ఇక్కడ మరొక కంచం పెట్టడానికి నాకు ఏ ఆదేశమూ అక్కరలేదు.

అవ్వ చీరను పెట్టెలో పెట్టింది గాని, పెట్టెకు తాళం వేయలేదు.

సుమిత్ర

•

బేగంపేట
విజయదశమి, మధ్యాహ్నం రెండు గంటలు

అక్కకు నమస్కారములు.

ఈ ఉత్తరం తపాలాలో రావడం లేదు, విమానంలో వస్తున్నది. కనుక ఇది నీ చేతికి అందినచో పరీక్ష సక్రమంగా జరిగినట్లు భావించవలెను. ఆ పరీక్ష వివరాలు.

తెల్లవారగానే స్నానం చేసి షెడ్డుకు పోయాను. పీట ముందు సాష్టాంగపడి, లేచి, పేచ్‌కస్ తీశాను. బాలనర్సయ్య వచ్చి చేయి పట్టుకున్నాడు.

“సాబ్, వద్దు. కండ్లు పోతయ్.”

“ఈ పరీక్షకు కండ్లు అవసరం లేదు బాలనర్సయ్యా.”

అతనికి మన ఎద్దు కథ చెప్పాను. నీవు రాసింది రాసినట్లు చెప్పాను. విని, కొంతసేపు దేవి పటం వంక చూసి, నా చేతిలోని పేచ్‌కస్ లాక్కున్నాడు.

“పూజల వెట్టింది నేను. తీసుడు గూడ నేనే. తప్పయితే నాకే తగులనీ. మీకు మరలిప్పుడు గూడ రాకపాయె.”

మూతలు నాలుగు. మొదటి రెండింటి వద్ద పత్తి జారిపోయింది. మూడవదాని వద్ద బాలనర్సయ్య వంగి, “తాడున్నది సాబ్,” అన్నాడు. నాకూ కనిపించింది. జిడ్డుతో నల్లగా, నిండుగా, ఆరోగ్యంగా ఉంది. కండ్లు మూసుకొని పత్తి చుట్టి గుంజాను. ఆగింది. మళ్లీ గుంజాను. సగం పత్తి అక్కడే ఉండిపోయింది, తుమ్మకంపకు తగులుకున్నట్లు. నూట ముప్పై మూడు సన్నని తీగలు పేనిన తాడు అది. కప్పీ కిందివైపున, కంటికి ఆనని చోట, ఇరవై రెండు తెగి ఉన్నాయి. బాలనర్సయ్య లెక్కపెట్టి నేల మీద కూర్చున్నాడు.

“గీ మూతనే రెండుపాల్లు ఇప్పిన సాబ్. రెండుపాల్లు సూసిన.”

“రెండుసార్లు నేనూ రాశాను,” అన్నాను.

ఎనిమిది గంటలకు మేనేజరు దేవిదాస్ గారు పండుగ షేర్వాణీతో, పట్టు కండువాతో విచ్చేశారు. పూజాభంగము, ఆజ్ఞాభంగము అను రెండు అభియోగాలపై నన్ను అక్కడికక్కడే నోటిమాటగా తొలగించారు. తొలగింపును శిరసావహించి, తాడును ఒకసారి స్వయంగా తాకి చూడవలసిందని ప్రార్థించాను. చేతికి జిడ్డవుతుందని కండువా కొసతో తాకారు. కండువా తిరిగి రాలేదు. గట్టిగా లాగారు. పట్టు చిరిగిన చప్పుడు షెడ్డులో అందరికీ వినిపించింది. కంపెనీ భద్రతా విధానంలో వచ్చిన మార్పుకు కాలం ఆ క్షణం నుంచి లెక్కించవలెను.

అప్పుడే వచ్చిన పైలట్ ఆ కండువా ముక్కను చూశాడు. చేతి తొడుగులు తీసి టోపీలో పెట్టి, టోపీని కుర్చీలో పెట్టి, కొత్త తాడు వేసేదాకా లేవనని కూర్చున్నాడు. గోదాములో తాడు ఉంది. బాలనర్సయ్య, నేనూ, చొక్కా చేతులు మడిచి మేనేజరు గారూ ఎక్కించాం. ఐదు గంటలు పట్టింది. పానాలన్నీ మళ్లీ కడిగి, కొత్త బొట్లు పెట్టి, పీట మీద చేర్చాం. దేవి ముఖంలో కోపమేమీ కనబడలేదు. అయితే కన్ను మోసం చేస్తుందని తెలిసినవాణ్ణి గనుక ప్రమాణం చేయను.

పాత పత్తిని, తెగిన తీగలతో సహా, రిజిస్టరులో అతికించాను. “పద్ధతి” గడిలో కొబ్బరికాయ లేదు. నా తొలగింపు సంగతి అడుగుతావు. తొలగింపు ఉత్తర్వులు రాయవలసిన గుమాస్తాను నేనే అయినందున అది ప్రస్తుతం పెండింగులో ఉంది.

విమానం మంచిది. ఈసారి తెలిసి రాస్తున్నాను.

ఆత్మారాం

•

బోధన్
ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న నాలుగు గంటలకు ఆకాశం నుంచి దిగి నా చేతికి అందింది.

పదింటి నుంచి బీడులో జనం. పన్నెండయ్యేసరికి ఎగతాళి మొదలైంది. ఎడపల్లి తుకారాం పటేలు అందరిలోకీ గట్టిగా అడిగాడు.

“నాగవ్వా, నీ కొడుకు మొగుల మీద తొవ్వ దప్పిండా?”

“తొవ్వ దప్పలే పటేలా. తాడు తడుముతున్నడు.”

ఆమెకు కబురేమీ అందలేదు. అయినా అట్లా అన్నది. మూడు గంటలకు లేచి ఇంటికి పోయి చీర కట్టుకొని వచ్చింది. నాలుగింటికి చప్పుడు వినిపించింది. దసరా నాడు పాలపిట్టను వెతికే జనం ఒక్కసారిగా దక్షిణం వైపు తలలెత్తారు.

పైలట్ దిగి నా పేరు అడిగి ఉత్తరమిచ్చాడు. అక్కడే గట్టిగా చదివాను. ఇరవై రెండు తీగల దగ్గర తుకారాం పటేలు తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. ఆయన పేరు జాబితాలో రెండవది.

అందరూ ఇక ఎక్కమన్నారు. అవ్వ కదలలేదు.

“మూత ఇప్పుండ్రి.”

“ఉత్తరంలో రాసి ఉన్నదిగదా అవ్వా,” అన్నాను.

“వాడు రాసిండు. నేను తడమలే.”

పైలట్‌కు భాష రాదు, అయినా అర్థమైంది. నవ్వి తోక వైపు దారి చూపించాడు. మీ బావ అంగీ జేబులో నుంచి పేచ్‌కస్ తీశాడు. దాని మీద కుంకుమ ఉంది. ఫ్యాక్టరీ పూజలో నుంచి దండం పెట్టి తెచ్చాడట, పొద్దుటి నుంచీ జేబులోనే ఉన్నదట. అవ్వ నడుమున దోపుకున్న పత్తి తీసి, కండ్లు మూసుకొని, నాలుగు మూతల దగ్గరా తాడును తడిమింది. ఒక్క పోగు చిక్కలేదు.

“ఇగ పోదాం,” అని అందరికన్నా ముందు ఎక్కింది.

కందకుర్తి దాకా పోయి, సంగమం చుట్టూ తిరిగి, ముప్పావు గంటకు దిగారు. తుకారాం పటేలు పైన కండ్లు తెరవలేదట. అవ్వ మూయలేదట. దిగగానే పైలట్ చేతిలో జమ్మి ఆకు పెట్టింది. అతను రెండు చేతులా కండ్లకద్దుకున్నాడు. ఇంటికి వచ్చాక ఏం చూశావని అడిగాను.

“రెండు నదులు గలిసినంక ఏది ఏదో ఎరుక పడ్తలేదు బిడ్డా. మన చేనైతే గవ్వంత ఉన్నది. గవ్వంత చేనుకు గట్టు కాడ గన్నేండ్లు కొట్లాడినం.” కొంగు పిన్నీసు తీస్తూ, “మీ బాపు మోట బాయి గూడ కండ్లవడ్డది,” అన్నది.

అవ్వ తాడును తడిమిన పత్తి ఈ కవరులో పంపుతున్నాను. జిడ్డయింది గాని పోగు చెదరలేదు. పాతదాని పక్కన అతికించమని అవ్వ ఉత్తర్వు.

సుమిత్ర

•

బేగంపేట
మాఘ శుద్ధ పంచమి

అక్కకు నమస్కారములు.

పత్తి అందింది, అతికించబడింది. రెండు పత్తులున్న ఆ పుట చూడడానికి పైనుంచి ఇద్దరు అధికారులు వచ్చి పోయారు. దాని ఫలితంగా నిన్న కొత్త ఆదేశం వెలువడింది. నంబరు ఏడు, సవరణ ఒకటి: “తాళ్లను కంటితో చూచుట పరీక్ష కాజాలదు. కప్పీల వద్ద పత్తి చుట్టి తాడు వెంట లాగవలెను. పత్తి చిక్కిన తాడును తక్షణము మార్చవలెను. పర్వదినములు, సెలవులు, పూజలు ఇందుకు మినహాయింపు కాజాలవు.” ఇటువంటి విమానాలున్న ప్రతి కంపెనీకీ ఇది తప్పనిసరి. బాలనర్సయ్య దీనికి పటం కట్టించి దేవి పటం పక్కన తగిలించాడు, రోజూ రెండింటికీ దండం పెడుతున్నాడు. పత్తి వాడకం మొదటి నుంచీ తమ అభిప్రాయమేనని మేనేజరు గారు పత్రికల వారితో చెప్పారు. నా తొలగింపు పెండింగులో ఉండగానే నాకు తనిఖీదారుగా బదలాయింపు వచ్చింది. ఇకమీద రాసేవాడే తడమాలి.

ఈ పద్ధతిని కనుగొన్నవారి వివరాలు ఒక ఫారంలో నింపి పంపమన్నారు. నింపాను. చూసి, అవ్వ వేలిముద్ర వేయించి, తిరుగు టపాలో పంపవలెను.

పేరు: నాగవ్వ, భర్త కీర్తిశేషుడు లింబయ్య, రుద్రూర్. (పత్తి చుట్టు ఉపాయము: భూమన్న, క్రేన్ ఫిట్టరు, బోధన్. పత్తి: నాగవ్వ.)

విద్యార్హత: అరచేయి.

అనుభవము: మోట మీద ముప్పై ఏండ్లు. విమానం మీద ముప్పావు గంట.

ప్రమాదములు: ఒకటి.

కారణము: పండుగనాళ్లలో తాడు తడమకపోవుట. ఎద్దుకు ఇందులో ఎట్టి సంబంధమూ లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.

ఇట్లు,
ఆత్మారాం
తనిఖీదారు